ఒక్క అక్షరం దగ్గర

సాగినా దాటి పదకొండు మైళ్లు.
అద్దంలో ఎరుపూ నీలం
ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి.
కుడి వెనక దీపం పోయిందని నాకు తెలుసు.
మంగళవారం నుంచీ తెలుసు.

వెనక సీట్లో మూడు సంచుల చిల్లర,
ఆసుపత్రి మెషీన్లో చిప్స్ కొన్నవాళ్లది,
బస్‌స్టేషన్ మెషీన్లో సోడా కొన్నవాళ్లది.
బండి ఆగగానే అవి ఒక్కసారి ఘల్లుమని
నాకంటే ముందు మాట్లాడాయి.

ఈ చిల్లర కోసమే
నిరుడు ఒకడు నా దవడ పగలగొట్టాడు.
ఆ దవడ కోసమే
నడుముకి కుడిపక్క, చొక్కా కింద,
కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ఈ అరకిలో ఇనుము.

చట్టం అడిగేది చిన్న మాటే:
పోలీసు వచ్చీరాగానే నువ్వే చెప్పాలి,
అడిగేదాకా ఆగకూడదు.
చట్టం రాసినవాళ్లలో
నత్తివాడెవడూ లేడనుకుంటాను.

నాకు 'గ' రాదు.
రాదంటే, వస్తుంది.
గొంతులో గడియ పడి, ఆ తర్వాత తలుపు విరిగినట్టు వస్తుంది.
అందుకే 'గ' కనబడ్డ చోటల్లా
పక్కసందులోంచి పోవడం నేర్చుకున్నాను.
గ్రేప్ సోడా ఇష్టం, ఆరెంజ్ తాగాను.
గ్వెండలిన్ ఇష్టం,
రెండేళ్లు "ఏయ్" అని పిలిచాను.
తనని పేరుపెట్టి పిలిచినవాణ్ణే చేసుకుంది.

ఈ మాటకి పక్కసందు లేదు.
పిస్టల్ అందామంటే 'ప' పెదాల మీదే చతికిలబడుతుంది.
పర్మిట్ కూడా దాని చుట్టమే.

బళ్లో మిస్ ఆడ్రా ఒక ఉపాయం నేర్పింది.
మాట ఇరుక్కుంటే
కుడిచేతి వేలితో తొడ మీద తాళం వెయ్యి,
దెబ్బకో అక్షరం దిగుతుంది.
ఇన్నేళ్లలో తప్పని మందు.
ఆ తాళం వేసే చోటికి జానెడు పైన
ఇప్పుడు ఇనుముంది.

చేతులు స్టీరింగ్ మీద,
పది వేళ్లూ అంగట్లో పరిచినట్టు.
కంకర మీద బూట్లు.
టార్చి వెలుగు సంచుల మీద కాసేపు, నా మొహం మీద కాసేపు.
కుర్రాడే. జేబు మీద పేరు హోక్‌స్ట్రా.
గడ్డం గీసుకుంటూ తెగినచోట కాగితం ముక్క
ఇంకా అంటుకునే ఉంది.
"ఎందుకాపానో తెలుసా?"

"నా దగ్గర గ్"
గ్
గ్

మెడ నరాలు లేచాయి. కనురెప్ప కొట్టుకుంది.
అబద్ధం చెప్పేవాడి మొహం ఎలా ఉంటుందో
నిజం చెప్పేటప్పుడు నా మొహం అచ్చం అలాగే ఉంటుంది.
అతని చెయ్యి తన నడుము దగ్గరికి వెళ్లింది.
నా చూపుడువేలు, దానంతటదే,
తొడని వెతుక్కుంటూ స్టీరింగ్ మీంచి లేచింది.
"కదలకు!"

అమ్మ కోళ్లని పిలిచే రాగం ఒకటుండేది.
మాటల్లేవు దానికి. రెండు మెట్లు పైకి, ఒకటి కిందికి.
పాడితే నత్తి ఉండదని
డాక్టర్లకంటే ముందు కనిపెట్టింది అమ్మే.
నలభై ఎనిమిదేళ్లవాణ్ణి,
హైవే పక్కన, రాత్రి ఒంటిగంటకి,
కోళ్ల రాగంలో పాడాను:
"నా దగ్గర గన్ ఉందండీ, కుడి నడుమునా,
పర్మిట్టుందండీ, చొక్కా జేబులో,
కదలనండీ నేను, కదలనే కదలను."

టార్చి ఊగింది.
అతను నవ్వలేదు. అందుకు రుణపడి ఉంటాను.
నవ్వడానికి కూడా భయమేసిందేమో.
"తాగావా?"
తల అడ్డంగా, మెల్లగా.
"మళ్లీ చెప్పు."
మళ్లీ పాడాను. ఈసారి శ్రుతి తప్పింది.

రెండో బండి వచ్చింది. దాన్ని తీశారు,
నంబరు రేడియోకి చదివారు,
గుళ్లు వేరే, ఇనుము వేరే చేసి తిరిగిచ్చారు.
దీపం బాగుచేయించుకొమ్మని ఒక చీటీ.
టిడ్‌వెల్ బదులు టిల్‌వెల్ అని రాశాడు.
సరిదిద్దలేదు నేను.

వాళ్ల వెలుగు మలుపు తిరిగాక
కిటికీ ఎత్తుకున్నాను.
చిల్లర తప్ప వినేవాళ్లు లేరు.
గన్, అన్నాను.
గన్. గ్రేప్. గ్వెండలిన్.
వెన్నలా దిగాయి ఒకదాని వెనక ఒకటి,
తాళం అడగలేదు, రాగం అడగలేదు.

వేళ్లే,
చాలాసేపు
స్టీరింగ్ వదల్లేదు.